హార్డ్ డిస్క్ పోయిందనే ముందు లేబుల్ చదవండి

గుంటూరు అరండల్‌పేటలోనో, విజయవాడ గవర్నరుపేటలోనో ఏ కంప్యూటర్ షాపుకి వెళ్లి "డిస్క్ కనబడటం లేదన్నా" అని చెప్పినా, కాసేపు చూసి "పోయింది సార్, కొత్తది వేద్దాం" అంటారు. కొత్త డిస్క్ కొనడం వరకూ ఆ సలహాలో తప్పేమీ లేదు. లోపలున్న డేటా కూడా పోయిందని మాత్రం అప్పుడే నమ్మేయకండి. కొన్ని డిస్క్‌లలో ప్లాటర్లు (డేటా ఉండే గుండ్రటి పళ్లేలు) బాగుంటాయి, హెడ్లు (ఆ పళ్లేల మీద చదివే, రాసే భాగాలు) బాగుంటాయి, మోటారు తిరుగుతూనే ఉంటుంది. వాటిని నడిపే ఫర్మ్‌వేర్‌లో, అంటే డిస్క్ లోపలే ఉండే ప్రోగ్రామ్‌లో, ఎక్కడో ఒక చిన్న లెక్క తప్పడం వల్ల కంప్యూటర్‌కి కనబడకుండా పోతాయి. కంగారులో మనమే పాడుచేసుకోకపోతే, అలాంటి డిస్క్ నుంచి డేటా చాలావరకు బయటికి తీయొచ్చు.

మీ డిస్క్ ఆ రకమా, లేక నిజంగానే అరిగిపోయిందా అని తేల్చుకోవడానికి కావలసిన సమాచారంలో సగం దాని లేబుల్ మీదే ఉంటుంది. మిగతా సగం అది ఎలా ప్రవర్తిస్తోందో చూస్తే తెలుస్తుంది.

మొదట చేయాల్సింది ఆపేయడం

డిస్క్ కనబడకపోతే అందరూ చేసే పని పదే పదే రీస్టార్ట్ చేయడం. అది మానేయండి. హెడ్ దెబ్బతిని ఉంటే, ఆన్ చేసిన ప్రతిసారీ అది ప్లాటర్‌ని గీసుకుంటూ పోతుంది. తర్వాత ఎంత డబ్బు పోసినా ఆ గీతలు పోవు. ఫ్రీజర్‌లో పెట్టడం, చేత్తో తట్టడం లాంటి చిట్కాల జోలికి అసలు వెళ్లకండి. మన ఊళ్ల ఉక్కపోతలో ఫ్రీజర్ నుంచి బయటికి తీసిన డిస్క్‌కి క్షణాల్లో చెమ్మ పడుతుంది.

ఒక్కసారి మాత్రం ఆన్ చేసి, చెవి దగ్గరగా పెట్టి వినండి. టిక్ టిక్ మని ఒకే లయలో కొట్టుకుంటూ ఆగిపోతే హెడ్ సమస్య. కీచుమంటూ తిరగలేకపోతుంటే మోటారో, ప్లాటర్‌కి అతుక్కున్న హెడ్డో కారణం. ఈ రెంటిలో ఏది వినబడినా వెంటనే పవర్ తీసేసి నేరుగా కింద డేటా రికవరీ ల్యాబ్ గురించి రాసింది చదవండి, మధ్యలో ఉన్నవేవీ మీకు అక్కర్లేదు. డిస్క్ మామూలుగా, మెత్తగా తిరుగుతూ, బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) మాత్రం దాన్ని వెతుకుతూ చాలాసేపు ఆగిపోయి చివరికి చూపించకపోయినా, లేదా పేరు చూపించి సైజు దగ్గర సున్నా చూపించినా, ఫర్మ్‌వేర్‌ని అనుమానించాలి.

దానికంటే ముందు తేలిక కారణాలు తీసేయండి. డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చండి, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే వేరే కనెక్టర్ పెట్టి చూడండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే కేబుల్, పోర్టు, పెద్ద సైజు వాటికి అడాప్టర్ కూడా మార్చి చూడాలి. కరెంటు పోయి వచ్చే వేసవి నెలల్లో అడాప్టర్లు బలహీనపడటం మామూలే. అయితే ఎక్స్‌టర్నల్ డిస్క్ డబ్బా విప్పి, లోపలి డిస్క్‌ని నేరుగా కంప్యూటర్‌కి పెట్టే ముందు ఆలోచించండి. వెస్టర్న్ డిజిటల్ ఎక్స్‌టర్నల్ మోడళ్లు చాలావాటిలో డేటాని యూఎస్‌బీ బోర్డే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాస్‌వర్డ్ మీరు పెట్టకపోయినా అంతే. ఆ బోర్డు లేకుండా చూస్తే డిస్క్ ఖాళీగానో, ఫార్మాట్ చేయమనో కనబడుతుంది. ఫార్మాట్ నొక్కకండి.

ఇప్పుడు లేబుల్

పవర్ తీసేసి, డిస్క్ బయటికి తీసి, వెలుతురులో లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీయండి. జూమ్ చేస్తే చిన్న అక్షరాలు కూడా చదవగలిగేలా ఉండాలి. వెనక వైపు ఆకుపచ్చ బోర్డుని కూడా ఒక ఫొటో తీసి ఉంచండి. లేబుల్ మీద మీరు వెతకాల్సినవి: మోడల్ నంబర్, సీరియల్ నంబర్, ఎఫ్/డబ్ల్యూ అని రాసి ఉండే ఫర్మ్‌వేర్ వెర్షన్, తయారైన తేదీ, తయారైన చోటు. ఫర్మ్‌వేర్ వెర్షన్‌ని లేబుల్ మీద వేయని డిస్క్‌లూ ఉన్నాయి, వాటికి సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవాలి.

తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. పాత సీగేట్ డిస్క్‌ల మీద తేదీ ఐదంకెల కోడ్‌గా ఉంటుంది. ఉదాహరణకి 09266 అని ఉందనుకోండి. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు వారం, చివరిది రోజు. అంటే 2009లో 26వ వారం, జూన్ నెల అనుకుంటారు. కాదు. సీగేట్ లెక్కలో ఏడాది జూలైలో మొదలవుతుంది. కాబట్టి అది 2008 డిసెంబరు చివర తయారైన డిస్క్. ఈ ఆరు నెలల తేడా ఎందుకంత ముఖ్యమో కింద చెప్తాను. కొత్త సీగేట్ లేబుళ్ల మీద, వెస్టర్న్ డిజిటల్ వాటి మీద తేదీ మామూలుగానే ఉంటుంది.

చోటు సంగతి: అదే పాత సీగేట్ లేబుల్ మీద సైట్ కోడ్ కేఆర్‌ఏటీ అని మొదలైతే అది థాయ్‌లాండ్‌లోని కొరాట్ ఫ్యాక్టరీ. డబ్ల్యూయూ అని ఉంటే చైనాలోని వూషి. "చైనా మేక్ వద్దన్నా, థాయ్‌లాండ్ మేక్ ఇవ్వు" అని అడిగేవాళ్లనీ, సరిగ్గా దానికి తిరగేసి అడిగేవాళ్లనీ నేను షాపుల్లో చూస్తూనే ఉంటాను. దేశం పేరు చూసి డిస్క్ మంచి చెడ్డలు చెప్పలేం. ఇవాళ హార్డ్ డిస్క్‌లు తయారుచేసే కంపెనీలు ప్రపంచం మొత్తంలో మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. వాటి ఫ్యాక్టరీలు ఎక్కువగా థాయ్‌లాండ్, చైనా, ఫిలిప్పీన్స్‌లలోనే ఉన్నాయి. చూడాల్సింది ఏ మోడల్, ఏ ఫర్మ్‌వేర్, ఏ నెల అన్న మూడూ కలిపి.

ఒక డిస్క్ కథ చూస్తే ఇది అర్థమవుతుంది

2008 చివర్లో, 2009 జనవరిలో సీగేట్ బారాకుడా 7200.11 డిస్క్‌లు ప్రపంచమంతా వరసగా ఆగిపోయాయి. రాత్రి బాగానే పనిచేసి, పొద్దున ఆన్ చేస్తే బయోస్‌లో కనబడకుండా పోయేవి. ఎస్‌డీ15 అనే ఫర్మ్‌వేర్ ఉన్నవాటి పేరు ఎక్కువగా వినబడింది. వాడినవాళ్లు లేబుళ్లు పోల్చుకుని, ఇవన్నీ థాయ్‌లాండ్‌వే అని అనుమానపడ్డారు. అసలు కారణం తర్వాత కంపెనీయే చెప్పింది.

డిస్క్ లోపల ఒక లాగ్ ఉంటుంది, తనకి జరిగినవన్నీ డిస్క్ అందులో రాసుకుంటుంది. ఆ లాగ్ 320వ వరసకి చేరితే తిరిగి మొదటికి రావాలి. ఫర్మ్‌వేర్‌లో ఆ సరిహద్దు ఒక్క అంకె తేడాగా రాశారు. లాగ్ సరిగ్గా 320 దగ్గర ఉండగా, లేదా అక్కడి నుంచి 256 చొప్పున పెరిగిన అంకె దగ్గర ఉండగా డిస్క్‌ని ఆన్ చేస్తే, అది లాగ్ చివర దాటి అవతలికి అడుగేస్తుంది. ఏదో తప్పు జరిగిందని ఫర్మ్‌వేర్ గుర్తించి, డేటాకి హాని జరగకుండా డిస్క్‌ని బిగదీసేస్తుంది. అయితే ఇది ప్రతి డిస్క్‌లోనూ జరగలేదు. ఫ్యాక్టరీలో పరీక్షించేటప్పుడు వాడిన ఒక రకం టెస్టర్ యంత్రం, డిస్క్ తనకోసం దాచుకున్న ట్రాకుల్లో ఒక రకం గుర్తులు వదిలేసి ఉంటేనే జరిగింది.

అదే మోడల్, అదే ఫర్మ్‌వేర్. ఒక టెస్టర్ మీద పరీక్షించింది చచ్చింది, ఇంకోదాని మీద పరీక్షించింది బతికింది. తయారీ మూలం అంటే నా ఉద్దేశం ఇదీ. దేశం పేరులో కాదు, ఏ బ్యాచ్ ఏ యంత్రం మీదుగా వచ్చిందన్న దాంట్లో ఉంది విషయం. 2008 డిసెంబరు దాకా తయారైనవాటికే ఈ తిప్పలు కాబట్టి, ఆ ఐదంకెల తేదీని సరిగా చదవడం అవసరమైంది. ఈ డిస్క్‌లలో డేటా చెక్కుచెదరలేదు, కంపెనీ ఉచితంగా రికవరీ కూడా చేసి ఇచ్చింది.

కొన్నిసార్లు మూలం ఇంకా వెనక్కి పోతుంది. 2002 ప్రాంతంలో ఫుజిట్సు ఎంపీజీ డిస్క్‌లు పెద్ద సంఖ్యలో పోయాయి. బోర్డు మీదున్న సిరస్ లాజిక్ చిప్‌కి తొడుగుగా వాడిన ఎపాక్సీలో ఎర్ర భాస్వరం కలిసి ఉండటం, అది తేమ తగిలి చిప్ కాళ్ల మధ్య షార్ట్ చేయడం కారణం. డిస్క్ కంపెనీ ఒకటి, చిప్ కంపెనీ ఇంకొకటి, ఎపాక్సీ కంపెనీ మరొకటి.

చిప్‌ల మీద డేటా దాచే ఎస్‌ఎస్‌డీ వాడేవాళ్లు "మాకు తిరిగే భాగాల్లేవు" అని ధీమాగా ఉండకండి. అక్కడ ఫర్మ్‌వేర్ పెత్తనం ఇంకా ఎక్కువ. క్రుషియల్ ఎం4 డ్రైవ్‌లు 5,184 గంటలు, అంటే సరిగ్గా 216 రోజులు నడిచాక గంటగంటకీ ఆగిపోవడం మొదలుపెట్టాయి. 2012 జనవరిలో వచ్చిన 0309 ఫర్మ్‌వేర్‌తో అది తీరింది. 2019 నవంబరులో హెచ్‌పీఈ ఇచ్చిన హెచ్చరిక ఇంకా భయంకరమైంది: కొన్ని సర్వర్ ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలు నిండగానే ఆగిపోతాయి, డ్రైవ్ గానీ డేటా గానీ తిరిగి రావు. 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఒకేరోజు కొని ఒకేసారి ఆన్ చేసిన నాలుగు డ్రైవ్‌లు ఒకే పూట పోతాయన్నమాట. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా చాలా డిస్క్‌లని కలిపి వాడే ఏర్పాటు) ఉంది కదా, ఏం పర్లేదు అనుకునే ఆఫీసులకి నేను పదే పదే చెప్పేది ఈ ఉదాహరణే.

డిస్క్ ఇంకా పలుకుతుంటే

కనబడుతోంది గానీ నెమ్మదించింది, ఫైళ్లు తెరుచుకోవడం లేదు అంటే ముందు ముఖ్యమైన ఫైళ్లని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాతే పరీక్షలు. కాపీ మధ్యలో ఆగిపోతుంటే లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి. అది చదవగలిగినంత ముందు చదివేసి, మొరాయించే చోట్లని చివరికి వదిలిపెడుతుంది.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టు చూడటానికి విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు. అందులో అంకెలు మొదట అక్షరాలతో కలిసి హెక్స్‌లో కనబడతాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌కి వెళ్లి, రా వాల్యూస్‌ని పదుల లెక్కకి మార్చుకోండి. ఇప్పుడు 05, సీ5, సీ6 వరసలు చూడండి. పాడైన సెక్టార్లకి (డేటా రాసే చిన్న చిన్న గళ్లకి) సంబంధించిన ఈ మూడూ సున్నాగా ఉండాలి. రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్ అరిగిపోతున్నట్టే, దానికి ఫర్మ్‌వేర్ మందు లేదు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ మార్చండి. సీగేట్ డిస్క్‌లలో 01, 07 వరసల్లో కోట్లలో అంకెలు కనబడతాయి, వాటి గురించి టెన్షన్ పడకండి. ఆ కంపెనీ ఆ అంకెలో ఎన్నిసార్లు చదివిందో కూడా కలిపి రాస్తుంది.

సీ1 అనేది హెడ్లు ఎన్నిసార్లు పక్కకెళ్లి పడుకున్నాయో చెప్పే లెక్క. పాత వెస్టర్న్ డిజిటల్ గ్రీన్ డిస్క్‌లలో, 8 సెకన్లు పని లేకపోతే చాలు, ఫర్మ్‌వేర్ హెడ్లని పార్క్ చేసేది. రోజంతా కొంచెం కొంచెం రాసే మెషీన్‌లో పెడితే, 3 లక్షలని కంపెనీ చెప్పిన పరిమితి వైపు ఆ లెక్క పరుగెత్తేది. మీ పాత సీసీ కెమెరా డీవీఆర్‌లో డెస్క్‌టాప్ డిస్క్ ఉంటే ఒకసారి తీసి ఈ వరస చూడండి.

లినక్స్ తెలిసినవాళ్లకి స్మార్ట్‌మాన్‌టూల్స్ ఇంకా మేలు. కొన్ని సమస్యాత్మక మోడళ్లు దాని జాబితాలో ఉన్నాయి. అలాంటి డిస్క్ పెడితే, దీనికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉండొచ్చు అని పైనే హెచ్చరిక రాస్తుంది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే పద్ధతి

మోడల్, సీరియల్ నంబర్ పట్టుకుని ఆ కంపెనీ సొంత సైట్‌కే వెళ్లండి. వేరేచోట దొరికిన ఫైల్ వాడొద్దు. చాలామందికి అప్‌డేట్ అవసరమే ఉండదు. కంపెనీ మీ మోడల్‌కి ఫలానా సమస్య ఉందని చెప్పినప్పుడే చేయండి.

చేసేముందు డేటా మొత్తం ఇంకోచోట ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు. పైన చెప్పిన సీగేట్ విషయంలోనే, తొందరగా వదిలిన ఎస్‌డీ1ఏ అప్‌డేట్ మొదటి రూపం కొన్ని 500 జీబీ డిస్క్‌లని అక్కడికక్కడే పనిచేయకుండా చేసింది. కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ ఇచ్చింది. అంటే మందే జబ్బు తెచ్చిన సందర్భాలున్నాయి.

డిస్క్‌ని యూఎస్‌బీ డబ్బాలోంచి తీసి, మదర్‌బోర్డుకి నేరుగా కలపండి. మిగతా డిస్క్‌ల కేబుళ్లన్నీ తీసేయండి. యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచాలి. మధ్యలో కరెంటు పోతే సగం రాసిన ఫర్మ్‌వేర్ మిగులుతుంది. టిక్ టిక్ మంటున్న డిస్క్ మీద, సీ5 పెరుగుతున్న డిస్క్ మీద అప్‌డేట్ ప్రయత్నం వద్దు.

పూర్తయ్యాక తేదీతో సహా మార్కర్‌తో డిస్క్ మీద రాయండి. ఎందుకంటే 2010 చివర్లో శాంసంగ్ ఎఫ్4 హెచ్‌డీ204యూఐ డిస్క్‌కి ఇచ్చిన అప్‌డేట్ లోపాన్ని సరిచేసింది గానీ వెర్షన్ నంబర్ మార్చలేదు. సరిచేసిన డిస్క్ ఏదో, చేయనిది ఏదో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పటికే ఆగిపోయిన డిస్క్ అయితే

ఇక్కడ రెండు పనులు మీ చేతులు దురద పెట్టిస్తాయి. మొదటిది బోర్డు మార్చడం. అదే మోడల్ ఇంకో డిస్క్ బోర్డు తీసి దీనికి బిగిస్తే చాలని పాతకాలపు మెకానిక్‌లు ఇప్పటికీ చెప్తారు. ఫర్మ్‌వేర్‌లో ఎక్కువ భాగం ప్లాటర్ మీద దాచిన ట్రాకుల్లో ఉంటుంది. దాన్ని చదవడానికి కావలసిన సర్దుబాటు అంకెలు బోర్డు మీది చిన్న రోమ్ (ROM) చిప్‌లో ఉంటాయి. మామూలు మెమరీ ర్యామ్ కాదు, చెరిగిపోని చిప్. ఏ డిస్క్ అంకెలు దానివే. ఆ చిప్‌ని కూడా విప్పి కొత్త బోర్డుకి మార్చకపోతే లాభం లేదు, కొన్నిసార్లు నష్టం కూడా.

రెండోది, బోర్డుకి సీరియల్ వైరు కలిపి ఆదేశాలు ఇవ్వడం. బారాకుడా 7200.11కి ఇది పనిచేసిన మాట నిజం. అవే ఆదేశాలని వేరే మోడల్ మీద ప్రయోగిస్తే, ఏ డేటా ఎక్కడుందో డిస్క్‌కి చెప్పే పట్టికే చెరిగిపోవచ్చు. అప్పుడు ల్యాబ్ వాళ్ల పని పదింతలవుతుంది.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో ఇలాంటి డిస్క్ చూశాను. నిశ్శబ్దంగా తిరుగుతోంది, సైజు సున్నా. బోర్డు స్క్రూల మీద స్టార్ డ్రైవర్ జారిన తాజా గీతలున్నాయి, ఒక స్క్రూ లేనే లేదు. ఎవరో వేరే బోర్డు బిగించి చూసి, అలాగే వదిలేసినట్టున్నారు. అదృష్టం కొద్దీ అసలు బోర్డు వాళ్ల డెస్కులోనే ఉంది. దాన్ని కూడా కలిపి ల్యాబ్‌కి పంపమన్నాను. మీ డిస్క్‌ని ఎవరైనా ముట్టుకుని ఉంటే, ఏం చేశారో దాచకుండా ల్యాబ్‌కి చెప్పండి, తీసిన ప్రతి ముక్కా ఇవ్వండి.

డిస్క్ మూత విప్పి రికవరీ చేసే సరైన ల్యాబ్‌లకి ధూళి లేని గది ఉంటుంది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో అలాంటివి ఉన్నాయి. ఇచ్చేముందు నాలుగు సంగతులు అడగండి. చూడటానికే ఫీజా? డేటా రాకపోతే ఎంత కట్టాలి? మూత విప్పేముందు మమ్మల్ని అడుగుతారా? దొరికిన ఫైళ్ల జాబితా డబ్బు కట్టకముందే చూపిస్తారా? "వంద శాతం గ్యారంటీ" అన్నవాళ్ల దగ్గరికి వెళ్లకండి. కొరియర్‌లో పంపితే యాంటీస్టాటిక్ కవర్, చుట్టూ మందంగా స్పాంజి, గట్టి డబ్బా. ఎవరైనా విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే చేతికిచ్చి పంపడం అన్నిటికంటే మంచిది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నానిన డిస్క్‌ల గురించీ ఇదే మాట. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం, ఆరిందని ఆన్ చేయడం, మూడూ తప్పే. తడిగుడ్డ చుట్టి, కవర్‌లో సీల్ చేసి ల్యాబ్‌కి ఇవ్వాలి. లోపల బురద ఎండి గట్టిపడితే తీయడం కష్టం.

కొనేటప్పుడు

బ్యాకప్ కోసం రెండు డిస్క్‌లు కొంటుంటే ఒకే షాపులో, ఒకే మోడల్, పక్కపక్క సీరియల్ నంబర్లవి తీసుకోకండి. ఒక బ్యాచ్‌లో తప్పుంటే రెంటిలోనూ ఉంటుంది. ఒకటి సీగేట్, ఒకటి వెస్టర్న్ డిజిటలో తోషిబానో తీసుకోండి. ఒకే కంపెనీది తప్పదంటే కనీసం తయారీ నెలైనా వేరుగా ఉండాలి. ఫొటో స్టూడియోల వాళ్లకి ఇది మరీ మరీ చెప్తున్నాను. మాఘమాసంలో తీసిన పెళ్లిళ్లన్నీ ఒకే రకం డిస్క్‌లు రెంటిలో ఉన్నాయంటే, ఉన్నది ఒక్క కాపీ అనే లెక్క.

షాపులో సీల్ విప్పకముందే సీరియల్ నంబర్‌ని కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. ఇండియాలో వారంటీ లేదని వస్తే అది వేరే దారిలో వచ్చిన సరుకు. 2025 మొదట్లో యూరప్‌లో, వేల గంటలు నడిచిన సీగేట్ డ్రైవ్‌లని గంటల లెక్క సున్నా చేసి కొత్తవిగా అమ్మిన సంగతి బయటపడింది. మామూలు స్మార్ట్ రిపోర్టు చూస్తే అవి కొత్తవే. ఫార్మ్ అనే ఇంకో లాగ్‌లో మాత్రం అసలు గంటలు బయటపడ్డాయి. కొత్త స్మార్ట్‌మాన్‌టూల్స్ ఆ లాగ్‌ని చదువుతుంది. సీగేట్ ఎక్సోస్ లాంటి పెద్ద డ్రైవ్ కొంటే రెండు లెక్కలూ పోల్చి చూసుకోండి.

వారంటీలో పోతే

జీఎస్టీ బిల్లు దాచుకోండి. వారంటీ డిస్క్‌కే, డేటాకి కాదు. పాత డిస్క్ ఇచ్చేస్తే అది తిరిగి రాదు, కాబట్టి డేటా కావాలంటే రికవరీ అయ్యాకే వారంటీకి వెళ్లాలి. ల్యాబ్ మూత విప్పితే వారంటీ పోతుందేమో ముందే అడిగి, ఏది ముఖ్యమో తేల్చుకోండి.

షాపూ కంపెనీ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయొచ్చు, డిస్క్ ఎక్కడ కొన్నా సరే. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి.

వారంటీ కింద వచ్చే డిస్క్ చాలాసార్లు కొత్తది కాదు, బాగుచేసిన పాతది. సీగేట్ అయితే లేబుల్ చుట్టూ ఆకుపచ్చ అంచు, బాగుచేసినట్టు ముద్ర ఉంటాయి. దాన్ని తెచ్చుకోగానే దాని లేబుల్‌కీ ఫొటో తీసి, ఫర్మ్‌వేర్ వెర్షన్ రాసుకుని, స్మార్ట్ రిపోర్టులో 05, సీ5, సీ6 చూసి, ఒకసారి మొత్తం సర్ఫేస్ స్కాన్ (ప్రతి సెక్టార్‌నీ చదివి చూసే పరీక్ష) నడిపాకే అందులో ఫైళ్లు పెట్టండి. పెద్ద డిస్క్ అయితే ఆ స్కాన్‌కి రాత్రంతా పడుతుంది. యూపీఎస్ మీద పెట్టి వదిలేయండి.